వేడిమీద మొరాయించు డీజిలు ఇంజను

ఉదయము చల్లని వేళ తాళపుచెవి త్రిప్పినంతనే స్టార్టయిన ట్రాక్టరు, మధ్యాహ్నము దమ్ము నడుమ భోజనమునకై ఆపిన పిమ్మట ఎంత త్రిప్పినను స్టార్టు కాకుండుట మన గ్రామములలో తరచుగా వినవచ్చు ఫిర్యాదు. కాలువ శివారు భూములకు నీరు తోడు ఆయిల్ ఇంజనుల విషయమునను ఇదేమాట వినబడుచుండును. రెండు మూడు గంటలు చెట్టునీడన ఆరిన పిమ్మట అదే ఇంజను ఏమియు జరుగనట్లు మరల నడచును. అంతవరకు కూలీలు గట్టుమీద కూర్చుండవలసినదే, వంతు నీరు దాటిపోవలసినదే.

ఈ బాధ పడలేక కొందరు డ్రైవర్లు ఒక ఉపాయము పన్నిరి. ఉదయము స్టార్టు చేసిన ఇంజనును సాయంత్రమువరకు ఆపనే ఆపరు. భోజనవేళను, పొలము మారువేళను అది ఊరక తిరుగుచునే యుండును. మధ్యరకపు ట్రాక్టరు పనిలేక తిరుగుచున్నను గంటకు సుమారు ఒక లీటరు డీజిలు త్రాగును. దినమునకు రెండు గంటలు ఇట్లు తిరిగినచో, 40 దినముల దమ్ముకాలములో 80 లీటర్లు పొగయై పోవును. మరికొందరు తొందరపడి ఇంజను విప్పించి, రింగులు మార్పించి, బోరు పని చేయింతురు. వేలకొలది రూపాయలు వెచ్చించిన తరువాతను రోగము యథాప్రకారముగనే యుండును. ఏలయన, వేడిమీద మాత్రమే కనబడు ఈ రోగము చాలమట్టుకు ఇంజను కడుపులో లేదు. దాని ప్రక్కన బిగించియున్న చిన్న పంపులో నున్నది. ఈ సంగతిని రైతు స్వయముగా తేల్చుకొనవచ్చును. అందులకు ఒక తడి గోనెసంచి, ఒక గంట ఓపిక చాలును.

ఇంజను ఎట్లు అంటుకొనును?

పెట్రోలు ఇంజనులో ఇంధనమును నిప్పురవ్వ అంటించును. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఔగ్స్‌బర్గు పట్టణమున విజయవంతముగా నడిపి చూపిన యంత్రము నుండి నేటి ట్రాక్టరు వరకు సూత్రమొక్కటే. సిలిండరులోని గాలిని పిస్టను సుమారు 16 నుండి 18 వంతులలో ఒక వంతు చోటులోనికి నొక్కివేయును. అట్లు నొక్కబడిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి వేడెక్కును. సైకిలు పంపు కొట్టునపుడు దాని అడుగుభాగము వేడెక్కుట ఎల్లరకు అనుభవమే కదా. ఆ వేడిగాలిలోనికి పంపు గొప్ప ఒత్తిడితో త్రోసిన డీజిలును నాజిలు సన్నని తుంపరగా చిమ్మును. తుంపర తనంత తాను మండును.

కనుక ఇంజను స్టార్టగుటకు మూడు కావలెను: గాలి తగినంత నొక్కబడవలెను, ఇంజను తగినంత వేగముగా త్రిప్పబడవలెను, డీజిలు తగిన ఒత్తిడితో, తగిన కాలమున చేరవలెను. ఇక్కడ ఒక విషయము గమనింపదగియున్నది. ఇంజను వేడిగా నున్నప్పుడు లోని గాలియు వేడిగానే యుండును. గోడలును వేడిగానే యుండును. అట్టి ఇంజను చల్లని ఇంజనుకంటె సులభముగా స్టార్టు కావలెను. రింగులరిగి గాలి జారిపోవు ఇంజను సాధారణముగా తెల్లవారుజామున చలిలో మొండికేయును గాని, వేడెక్కిన పిమ్మట నయమగును. చలిలో చక్కగా స్టార్టయి వేడిలో మాత్రము మొరాయించు ఇంజనుకు “రింగులు పోయినవి, బోరు చేయవలె”నని ఎవరైన చెప్పినచో, ఆ మాటను వెంటనే నమ్మరాదు. వేడి వచ్చినప్పుడు చెడునది వేరొకటి యున్నదని గ్రహింపవలెను.

వేడిలో పలుచబడునది డీజిలు. మన దేశపు ప్రమాణముల ప్రకారము డీజిలు చిక్కదనము 40 డిగ్రీల వద్ద 2 నుండి 4.5 సెంటీస్టోకులవరకు ఉండవలెను. అదే డీజిలు 80 డిగ్రీలకు వేడెక్కినచో దాని చిక్కదనము దాదాపు సగమునకు పడిపోవును. పంపులో ప్లంజరు, దానిని ఇముడ్చుకొను గొట్టము అను రెండు ఉక్కు భాగములుండును. వీనిని మెకానిక్కులు కలిపి ఎలిమెంటు అందురు. ఈ రెండింటి నడుమ సందు మిల్లీమీటరులో వేయింట రెండు మూడు వంతులు మాత్రమే. మనిషి తలవెండ్రుక మందములో అది ఇరువదవ వంతైనను కాదు. అంత సన్నని సందు కనుకనే చిక్కని డీజిలు ప్రక్కలనుండి జారిపోలేక నాజిలువైపు ఒత్తిడితో పోవును. మన్ను, నీరు, కల్తీ చేరి ఆ సందు కొంచెము పెద్దదైనచో చల్లని చిక్కని డీజిలు ఇంకను నిలుచును. వేడెక్కి పలుచబడిన డీజిలు మాత్రము వెనుకకు జారిపోవును.

మరి నడుచుచున్నప్పుడు ఇంజను ఏల ఆగిపోదు? అప్పుడు ప్లంజరు వడిగా కదలును. డీజిలు జారిపోవుటకు వ్యవధి చాలదు. స్టార్టు చేయునప్పుడు నిమిషమునకు 150 లేక 200 చుట్లే తిరుగును గనుక ప్లంజరు మెల్లగా కదలును, డీజిలు తీరికగా జారిపోవును. చిల్లుకుండతో పరుగెత్తుచు తెచ్చిన నీరు కొంత మిగులును. మెల్లగా నడచినచో మిగులదు. అరిగిన పంపు సంగతి ఇంతియే.

ట్రాక్టర్ల పంపులు రెండు విధములు. ఇన్‌లైన్ పంపులో ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క ఎలిమెంటు కలదు. ఒకటి అరిగినను తక్కినవి ఇంజనును లాగుకొనివచ్చును. రోటరీ పంపులో ఒక్క జత ప్లంజర్లే అన్ని సిలిండర్లకు వంతులవారీగా డీజిలు పంచును. దానిలో అరుగుదల వచ్చినచో అన్ని సిలిండర్లును ఒక్కసారే పస్తుండును. వేడిమీద స్టార్టు కాని జబ్బు రోటరీ పంపుగల ట్రాక్టర్లలో ఎక్కువగా కనబడుటకు ఇదియే కారణము. ఒకే సిలిండరు గల ఆయిల్ ఇంజనులో ఎలిమెంటు ఒక్కటే కనుక దాని పరిస్థితియు అట్టిదే.

ఆపిన పిమ్మట ఇరువది నిమిషములు

ఆపిన వెంటనే త్రిప్పినచో స్టార్టగును; ఇరువది నిమిషములు ఆగి త్రిప్పినచో కాదు. అనేకులు దీనిని వింతగా చెప్పుకొందురు. ఇందు వింత లేదు. ఇంజను నడుచునంతసేపు నీరు ప్రవహించుచు, ఫ్యాను గాలి విసరుచు, చల్లని డీజిలు పంపుగుండ పోవుచుండును. ఇంజనును ఆపినంతనే ఈ మూడును నిలిచిపోవును. హెడ్డులోను, సైలెన్సరు గొట్టములోను నిలువయున్న వేడి మెల్లగా ప్రక్కకు ప్రాకి పంపును, డీజిలు గొట్టములను ఎక్కును. అందుచేత ఆపిన తరువాత కొంతసేపు పంపు నడుచుచున్నప్పటికంటె ఎక్కువ వేడెక్కును. బరువుపనిలోనుండి తటాలున ఆపినచో ఈ వేడి మరింత హెచ్చు. పని ముగిసిన పిమ్మట మూడు నాలుగు నిమిషములు తక్కువ వేగమున త్రిప్పి ఆపుట అందులకే. టర్బో గల ఇంజనులకు ఇది మరియు ముఖ్యము.

పరీక్షించు క్రమము

మొదట ఇంజను ఎంత వేగముగా తిరుగుచున్నదో చెవియొగ్గి వినవలెను. ఉదయమువలెనే వడిగా తిరుగుచున్నచో బ్యాటరీని, సెల్ఫును అనుమానింప బనిలేదు. ఈడ్చుచు, మూలుగుచు తిరుగుచున్నచో పంపును ముట్టుకొనకముందే వీనిని చూడవలెను. సెల్ఫు మోటారు ఇంజనును ఆనుకొనియుండి దాని వేడినెల్ల పీల్చుకొనును. రాగితీగ 50 డిగ్రీలు వేడెక్కినచో విద్యుత్తునకు దాని నిరోధము సుమారు అయిదవ వంతు పెరుగును. ఉదయము ఎట్లో నెట్టుకొనివచ్చిన సెల్ఫు, బలహీనమైన బ్యాటరీ మధ్యాహ్నము చతికిలబడుట ఇందువలననే. త్రిప్పుచుండగా 12 ఓల్టుల బ్యాటరీ 9.6 ఓల్టులకు దిగువకు పోరాదు. టెర్మినళ్లపై తెల్లని బూజువలె పేరుకొనిన ఉప్పును తోమి, ఎర్తు తీగను రంగులేని శుభ్రమైన ఇనుముపై గట్టిగా బిగించుటతోనే ఎన్నియో ఇంజనులు బాగుపడును. ఈ పనికి రూపాయి ఖర్చులేదు గనుక దీనిని ముందు చేయవలెను.

వడిగా తిరుగుచున్నను అంటుకొననిచో, ఒకరు త్రిప్పుచుండగా మరియొకరు సైలెన్సరు కొనను చూడవలెను. పొగ ఏమాత్రము రానిచో డీజిలు సిలిండరునకు చేరుటలేదన్నమాట. తెల్లని పొగ దట్టముగా వచ్చుచున్నచో డీజిలు చేరుచున్నది గాని మండుటలేదు. మొదటిది పంపును, డీజిలు మార్గమును చూపును. రెండవది వాల్వులను, నాజిళ్లను చూపును. ఇంత చిన్న సంగతిని గమనింపక పానా చేతపట్టువారు చాలమంది కలరు.

పొగ రానిచో తాళపుచెవి త్రిప్పినప్పుడు పంపుమీది సోలినాయిడ్ “టిక్కు”మని శబ్దము చేయుచున్నదో లేదో వినవలెను. ఇంజనును ఆపుటకు తీగ బదులు సోలినాయిడ్ గల ట్రాక్టర్లలో, లోని చుట్ట వేడికి చెడి డీజిలు ద్వారమును తెరువకపోవుట కలదు. శబ్దము వినవచ్చినచో ఫిల్టరు మీది గాలితీయు స్క్రూను వదులుచేసి ఫీడ్ పంపును చేతితో కొట్టవలెను. బుడగలు వచ్చినచో గాలి చొరబడుచున్నది. వాషర్లను, గొట్టముల బిగింపులను సరిచూడవలెను. బుడగలులేక డీజిలు ధారగా వచ్చినచో అక్కడివరకు మార్గము మంచిది. ఇక పంపు వంతు.

తడి గోనె పరీక్ష

ఇంజను ఆగియుండగా, గోనెసంచిని బావినీటిలో తడిపి, పిండి, పంపుచుట్టు చుట్టవలెను. అది వేడెక్కిన కొలది మరల తడుపుచు పది నిమిషములు ఉంచవలెను. పిమ్మట యాక్సిలరేటరును పూర్తిగా లాగి త్రిప్పవలెను. అంతవరకు మొరాయించిన ఇంజను ఇప్పుడు స్టార్టయినచో పంపు అరిగినదని నూటికి తొంబది పాళ్లు నిశ్చయించుకొనవచ్చును. వేరొక మధ్యాహ్నము ఇదే పరీక్షను మరల చేసి, ఫలితము అదే యైనచో పూర్తిగా నిశ్చయించుకొనవచ్చును. సంచి చుట్టకుండ అంతే సేపు ఊరకుంచి త్రిప్పి చూచుటయు మంచిది; అప్పుడు స్టార్టుగాక, సంచి చుట్టినప్పుడే స్టార్టయినచో ఇక సందేహమునకు తావుండదు.

ఇందు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. నడుచుచున్న ఇంజను పంపుపై చల్లని నీరు పోయరాదు. పైభాగము తటాలున ముడుచుకొని లోని ప్లంజరు పట్టుకొనిపోవును. మంచి పంపు కూడ ఒక్క క్షణమున పాడగును. కాలుచున్న హెడ్డు, సైలెన్సరు గొట్టముల మీద నీరు పడినచో పోత ఇనుము చీలును. సోలినాయిడును, తీగలను తడుపరాదు. రేడియేటరు మూతను వేడిమీద తీయరాదని వేరుగ చెప్పనక్కరలేదు గాని, ప్రతి వేసవిలోను ఎవరో ఒకరు ముఖము కాల్చుకొనుచునే యున్నారు.

ట్యాపెట్లు, నాజిళ్లు, డీజిలు

సంచి చుట్టినను మార్పు లేక, తెల్లపొగ వచ్చుచున్నచో వాల్వులను చూడవలెను. వాల్వు కాడ వేడికి పొడుగగును. అట్లు పెరుగుటకు చోటుండవలెననియే ట్యాపెట్లవద్ద కొంచెము సందు వదలుదురు. శబ్దము వినబడకూడదని ఆ సందును మరీ బిగించినచో, వేడెక్కిన వాల్వు పూర్తిగా మూసుకొనక గాలి జారిపోవును. చల్లారిన పిమ్మట వాల్వు మరల కూర్చుండును, ఇంజను స్టార్టగును. లక్షణము అరిగిన పంపునకువలెనే యుండును, కారణము వేరు. ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజనులో దీనిని చేతితో తెలిసికొనవచ్చును. డీకంప్రెషన్ లీవరును దించి, చక్రమును చేతితో మెల్లగా త్రిప్పినచో పిస్టను గాలిని నొక్కునప్పుడు చక్రము ఎదురుతన్నవలెను. చల్లనప్పుడు ఎదురుతన్ని, వేడిమీద మెత్తగా దాటిపోయినచో ట్యాపెట్లను ఇంజను పుస్తకములో చెప్పిన కొలతకు సరిచేయవలెను. ఆ కొలత చల్లనప్పటిదో, వేడిమీదిదో పుస్తకములోనే చూచుకొనవలెను. రెండును ఒకటి కావు.

నాజిలునుండి డీజిలు చుక్కలుగా కారుచున్నను తెల్లపొగ వచ్చును. దీనిని పరికరముగల దుకాణములో పరీక్షింపజేయుటే మార్గము. నాజిలు చిమ్ముచుండగా చేయి అడ్డుపెట్టి చూచుట కొందరి అలవాటు. ఆ తుంపర చర్మమును చీల్చుకొని రక్తములో కలియును. పైకి సూదిపోటువలె కనబడినను చేయి తీసివేయవలసి వచ్చునంత ప్రమాదము. అట్లు జరిగినచో నొప్పిలేకున్నను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను.

డీజిలు విషయమున ఒక్క మాట. ట్యాంకులో అడుగంటిన డీజిలు త్వరగా వేడెక్కును. వాడగా మిగిలిన వేడి డీజిలు నాజిళ్లనుండి మరల అందులోనికే వచ్చుచుండుట అందులకు కారణము. ఎండకాలమున ట్యాంకు సగమునకు తగ్గకుండ చూచినచో సగము బాధ తగ్గును. కిరోసిను కలుపుట అన్నిటికంటె చెడ్డది. కిరోసిను డీజిలుకంటె పలుచన, దాని జిడ్డును తక్కువ. పంపునకు వేరే కందెన లేదు, దాని గుండ పోవు డీజిలే కందెన. కిరోసిను కలిపినవాడు లీటరునకు నాలుగు డబ్బులు మిగుల్చుకొని పంపును అరుగదీసికొనుచున్నాడు. ఫిల్టరు మార్చుటలో అశ్రద్ధయు అట్టిదే.

ఆయిల్ ఇంజనులవారు కాలువ నీటినే ఇంజను చల్లబరచుటకు మళ్లింతురు. బురదనీటి ఒండ్రు లోపలి జాకెట్టులో పేరుకొనినచో వేడి బయటికి పోదు. ఏటికొకసారి దానిని విప్పి కడుగవలెను. ఎండకు, వానకు జడిసి ఇంజనును ఇరుకు గదిలో మూసి నడుపువారున్నారు; బావిలోనికి దించి నడుపువారును ఉన్నారు. వేడి పెరుగుట అటుండ, పొగలోని విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. బావిలో దిగినవాడు పడిపోగా, అతనిని తీయబోయినవారును పడిపోయి మరణించుట మన పల్లెలలో జరిగినదే. ఇంజను గట్టుమీదనే యుండవలెను.

చేయరానివి, చేయదగినవి

వేడి ఇంజను మొరాయించినప్పుడు పెట్రోలు తడిపిన గుడ్డను గాలి ఫిల్టరువద్ద పట్టుట, ఈథరు చిమ్ముట కొందరు నేర్చిన కిటుకు. లోపలి వేడికి అది పిస్టను పైకి రాకముందే ప్రేలి, రింగులను విరుగగొట్టును. హ్యాండిలుతో త్రిప్పువాని చేయియు విరుగును. హ్యాండిలును ఎప్పుడును బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల వైపుననే యుంచి పట్టవలెను, చుట్టి పట్టరాదు.

పంపు అరిగినదని తేలిన పిమ్మట ఆ దినపు పని ముగించుకొనుటకు తడిసంచి ఉపాయముతో నెట్టుకొనిరావచ్చును. పంపునకు, సైలెన్సరు గొట్టమునకు నడుమ తగరపు రేకు నొకదానిని అడ్డుగా బిగించినచో కొంత మేలగును. ఇవి మందులు కావు, నాలుగు దినముల ఉపశమనములు. పంపును విప్పి, కాలిబ్రేషను బెంచి గల దుకాణమునకు ఇచ్చి ఎలిమెంటు మార్పింపవలెను. ప్లంజరును, గొట్టమును జతగనే మార్చవలెను. అవి ఒకదానికొకటి నూరి చేసినవి గనుక పాతదానికి క్రొత్తది జతపడదు. చెట్టుక్రింద పంపును విప్పి సీలు స్క్రూలను తిప్పువానికి దానిని అప్పగింపరాదు.

50 అశ్వశక్తికి మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్ 4 ఉద్గార ప్రమాణములు అమలులోనికి వచ్చినవి. వీనిలో చాలవాటికి కామన్ రైలు పద్ధతి కలదు. అందును వేడి డీజిలు నాజిళ్లనుండి వెనుకకు జారినచో రైలులో ఒత్తిడి నిలువదు. ఒత్తిడి లేనిదే కంప్యూటరు నాజిళ్లను తెరువదు. రోగము పాతదే. కాని ఒత్తిడి వేయి వాతావరణములను మించును గనుక ఆ గొట్టములను రైతు వదులు చేయరాదు. కంపెనీ మనిషిని పిలిచి, నాజిళ్ల వెనుకజారుడును కొలువుమని అడుగవలెను. తడిసంచి పరీక్షయు వీనికి తగదు.

యంత్రముల నిర్వహణను క్రమముగా నేర్వదలచు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ కలదు.

మరమ్మతు చేసిన పంపును బిగించి, గాలి తీసి, ఇంజను స్టార్టయినంతనే మెకానిక్కు లెక్క చెప్పి సొమ్మడుగును. చల్లని ఇంజను అంతకు ముందును స్టార్టయినదే కదా. ట్రాక్టరును పొలములో దింపి రెండు గంటలు బరువు పని చేయించి, కొంచెముసేపు మెల్లగా త్రిప్పి ఆపి, ఇరువది నిమిషములు కదపక యుంచి, అప్పుడు తాళపుచెవి త్రిప్పవలెను. సంచి చుట్టకుండ, మొదటి త్రిప్పులోనే స్టార్టయినచో సొమ్ము చెల్లింపవచ్చును.